ముప్పై ఒకటో సీసా

పోయిన వారం గెజీనా ఓల్ట్‌మన్స్‌ని వానలో, ఫోల్కెర్ట్ డీర్క్స్ ఇంటి గుమ్మం ముందు, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టించి వదిలేశాం. వారం రోజులుగా తడుస్తూనే ఉందావిడ. లోపలికి పంపే ముందు ఆమె చేతిసంచిలో ఏముందో మరొక్కసారి చెప్పుకోవాలి. ఆ సంచి కోసమే ఈ ప్రయాణం.

సంచిలో తువ్వాలు చుట్టిన గాజు సీసా ఒకటి ఉంది. అందులో కాలువ బురద, ఉప్పునీళ్ళు, పైన కాస్త నూనె, ఆ నూనెను గాలి తగలకుండానే తినే బాక్టీరియా. అలాంటివి ఉండవని అప్పటిదాకా పుస్తకాలన్నీ రాశాయి. నూనెను కోయాలంటే ఆక్సిజన్ అనే కత్తి కావాలి, అది అందని లోతుల్లో నూనె లక్షల ఏళ్ళయినా అలాగే పడి ఉంటుంది అన్నారు. కాదని మొదట చెప్పినవాడు ఫోల్కెర్ట్. ఏడేళ్ళ కిందట, పట్నంలో ప్రొఫెసర్ వెస్టర్‌కాంప్ దగ్గర పరిశోధన చేస్తున్న రోజుల్లో. అయితే ముగ్గురు పెద్దలు పరీక్షించడానికి వచ్చిన సోమవారం ఉదయం అతని ముప్పై ఒకటో సీసా గులాబీ రంగులో కనబడింది. సీసాలో కలిపే రంగు మందు గాలి సోకితేనే అలా తిరుగుతుంది. కుర్రాడు గాలి ఎక్కించి నూనె తినిపించాడు, దొంగలెక్కలు రాశాడు అన్నారు. వెళ్ళగొట్టారు. సీసాను ఉడకబెట్టి పారెయ్యమని ప్రయోగశాల సహాయకురాలు గెజీనాకు చెప్పారు.

ఆమె పారెయ్యలేదు. నేలమాళిగలో దాచి, బాగుచేసి, బతికించింది. రెండేళ్ళ తర్వాత అందులోంచి కాస్త తీసి, కొత్తగా చేరిన మరో విద్యార్థికి “ఇది కొత్త బురద” అని చెప్పి ఇచ్చింది. ఈవేళ వెస్టర్‌కాంప్ పేరు దేశదేశాల్లో మోగుతోందంటే దాని చలవే. వచ్చే శుక్రవారం ఆయన ఆ జీవికి ఒక పేరు పెట్టి, తానే స్వయంగా కాలువలో తవ్విన బురదలో దొరికిందని రాసి పత్రికకు పంపబోతున్నాడు. ఆ కాగితం వెళ్ళిపోయిందంటే ఫోల్కెర్ట్ డీర్క్స్ చచ్చేదాకా దొంగే.

ఈవేళ మంగళవారం. మధ్యాహ్నం మూడు దాటింది.

తలుపు తీసింది ఫోల్కెర్ట్ భార్య స్వాంట్యె. ముప్పై దాటిన మనిషి, పొడగరి, మోచేతుల దాకా పిండి. గెజీనా పేరు చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

“అక్కర్లేదు. వాసనే చెప్తోంది ఎక్కణ్ణుంచి వచ్చారో,” అంది.

ఆ బాక్టీరియా గాలికి బదులు ఉప్పునీళ్ళలోని గంధకంతో ఊపిరి పీలుస్తాయి. అవి వదిలే ఊపిరి కుళ్ళిన గుడ్ల కంపు. ఇరవై ఏళ్ళుగా అది గెజీనా జుట్టుకూ బట్టలకూ పట్టేసింది. బస్సులో ఆమె పక్క సీటు ఎంత రద్దీలోనైనా ఖాళీయే. మొదట్లో సిగ్గుపడేది, తర్వాత సంచి పెట్టుకోవడం నేర్చుకుంది.

“మనం ఇంతకు ముందు ఎక్కడైనా కలిశామా?” అడిగింది గెజీనా. ఆ ముఖం ఎక్కడో చూసినట్టే ఉంది.

“ఎక్కడ కలుస్తాం? మా పెళ్ళికి మీ ప్రయోగశాల నుంచి పిట్ట కూడా రాలేదు.” స్వాంట్యె ఆమె తడి కోటు తీసుకుని, తలుపు వెనక రంగు వెలిసిన పసుపు రెయిన్‌కోటు పక్కన తగిలించింది. “రండి. టీ పెడతాను. టీ పెట్టకుండా పంపేస్తే ఊళ్ళో నన్నే అంటారు.”

వంటగది కిటికీలోంచి మూతపడిన పెట్రోల్ బంకు కనబడుతోంది. అది స్వాంట్యె తండ్రిది. ఆయన పోయాక పంపులు పీకేశారు. ఇప్పుడు ఆ వెనక షెడ్డులో ఫోల్కెర్ట్ లారీలు ఉంటాయి. పాత బంకుల కింద నూనె ఇంకిపోయిన మట్టిని తవ్వి, కొలిమికి తోలి, కాల్పించి తెచ్చి పోయడం అతని వృత్తి. ఆ నూనెను నేలే తినేయగలదని లోకానికి మొట్టమొదట చెప్పినవాడు ఆ నేలనే తవ్వి కాలుస్తున్నాడు.

కప్పులో కలకండ వేసి స్వాంట్యె వేడి టీ పోసింది. కలకండ చిటపటలాడింది. అంచు మీదుగా చెంచాడు మీగడ జారవిడిచింది. అంతా పద్ధతి ప్రకారమే చేసింది, ముఖంలో మాత్రం ఒక్క గీత కదల్లేదు.

“ఒక్క మాట అడగనా, ఫ్రావ్ ఓల్ట్‌మన్స్? ఈ ఏడేళ్ళలో దారి తెలియలేదా? పట్నం నుంచి గంటన్నర బస్సు.”

“తెలుసు.”

“తెలిసీ రాలేదా. మంచిది. ఆ సీసా మాత్రం రోజూ వస్తుంది మా ఇంటికి. మా ఇద్దరి మధ్యా పడుకుంటుంది. భోజనాల దగ్గర కూడా దానికో కుర్చీ వెయ్యాలి.”

అప్పుడే వెనక తలుపు తెరుచుకుని ఫోల్కెర్ట్ వచ్చాడు. డీజిల్ వాసన వెంట వచ్చింది. ముప్పై ఆరేళ్ళకే కణతల దగ్గర నెరిసింది. బూట్లు విప్పుతూ తలెత్తి చూసి, ఒక బూటుతోనే నిలబడిపోయాడు.

“మీరా,” అన్నాడు.

ఒకప్పుడు అతను ఆమెను నువ్వనేవాడు. ప్రయోగశాలలో అందరూ ఆవిణ్ణి నువ్వనే పిలిచేవారు. ఆమె దగ్గరే సీసా కడగడం, బిరడా బిగించడం, గాలి లేని నీళ్ళు కాచడం నేర్చుకున్నాడు. ఆకలేస్తే ఆమె డబ్బాలోంచి అడక్కుండా రొట్టె తీసుకునేవాడు. ఈ మీరులో మర్యాద ఏమీ లేదు, దూరమే ఉంది. గెజీనాకు అది టీ కన్నా ముందు గొంతులో కాలింది.

“నీకొకటి ఇద్దామని వచ్చాను, ఫోల్కెర్ట్,” అంటూ సంచి తెరిచింది. తువ్వాలు విప్పి, ఒక ఖాళీ కప్పు దగ్గరికి లాక్కుని, సీసాను అందులో తలకిందులుగా నిలబెట్టింది. నూనె తేలి రబ్బరు బిరడాకు దూరంగా పైకి పోవాలని ఆ సీసాల్ని ఎప్పుడూ అలాగే ఉంచుతారు. రబ్బరు నూనెను పీల్చేస్తే బాక్టీరియా తిన్నదెంతో, రబ్బరు తాగిందెంతో తెలియదు.

ఫోల్కెర్ట్ దగ్గరికి రాలేదు. అక్కణ్ణుంచే చీటీ చదివాడు. ముప్పై ఒకటి, ఫో. డీ., మార్చి ఎనభై నాలుగు. అది అతని దస్తూరీయే, తలకిందులుగా ఉన్నా తెలుస్తుంది.

“దీన్ని ఉడకబెట్టారు కదా.”

“లేదు.”

“ఉడకబెట్టినట్టు మీరు సంతకం పెట్టారు. నాకు చూపించాడు వెస్టర్‌కాంప్.”

“సంతకం పెట్టాను. ఉడకబెట్టలేదు.”

అతను ఇంకో బూటు విప్పకుండానే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సీసాను తాకకుండా వంగి, వెలుతురుకు ఎదురుగా చూశాడు. కింద నల్లటి మడ్డి, మధ్యలో తేటనీళ్ళు, పైన సన్నగా మిగిలిన నూనె పొర.

“ఎన్నిసార్లు నూనె పోశారు?”

“పదకొండు సార్లు. పదకొండు సార్లూ తినేసింది.”

మిగిలిన కథ గెజీనా దాచకుండా చెప్పింది. కొత్త బురద అని అబద్ధమాడి ఇచ్చిన సంగతి, శుక్రవారం వెళ్ళబోయే కాగితం సంగతి. చెబుతున్నంతసేపూ ఫోల్కెర్ట్ సీసానే చూస్తున్నాడు. అయిపోయాక నవ్వాడు. వినడానికి బాగోలేదు ఆ నవ్వు.

“అంటే ఆయన తింటున్న పెళ్ళిభోజనం నా విస్తట్లోదన్నమాట.”

“ఆయనకు తెలియదు. నిజంగానే తెలియదు.”

“తెలియకుండా తిన్నా కడుపు నిండుతుందిగా.”

స్వాంట్యె పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. “నాకొకటి అర్థం కాదు,” అంది. “కత్తి లేదంటారు. మరి ఎలా కోస్తాయి?”

“కొయ్యవు,” అన్నాడు ఫోల్కెర్ట్. ఒక్కసారిగా గొంతు మారింది. “ముందు అతికిస్తాయి. నూనె అణువు నున్నటి తాడు లాంటిది, ఎక్కడా పట్టు దొరకదు. ఇవి తమ ఒంట్లో ఉన్న పులుపు ముక్కను ఒకదాన్ని తెచ్చి, తాడు చివరికి దగ్గర్లో అతికిస్తాయి. పిడి వచ్చేసింది కదా. ఇక పిడి పట్టుకుని కాస్త కాస్తగా తుంచుకుంటూ పోవడమే. మెల్లిగా, నెలల తరబడి. నోట్సులో మూల రాసుకున్నాను అప్పుడే. అనుమానమే అనుకో. రుజువు చేసే రోజులు ఇవ్వలేదు నాకు.”

అతని చెయ్యి గాలిలో ఆ పిడిని పట్టుకునే ఉంది. గెజీనాకు పాత కుర్రాడు కనబడ్డాడు. స్వాంట్యె మాత్రం సీసాను చూడటం లేదు, మొగుణ్ణి చూస్తోంది. పెళ్ళయ్యాక అతను ఇంతసేపు ఆపకుండా మాట్లాడటం ఇదే మొదటిసారేమో. ఆమె కళ్ళల్లో ఉన్నది సంతోషం కాదని గెజీనా గమనించింది, ఎందుకో అర్థం కాలేదు.

“ఆ ఏడు ఈయన పట్నం వదిలి నా దగ్గరికి వచ్చేశాడని నేను సంతోషించాను,” అంది స్వాంట్యె నెమ్మదిగా. “అప్పటికి నాన్నకు పక్షవాతం, నేనొక్కదాన్నే. దేవుడు నన్ను క్షమించాలి.”

ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. గెజీనా అసలు మాటకు సిద్ధపడుతోంది.

“ఇంకోటి ఉంది. సీసా కన్నా అది చెప్పడానికే వచ్చాను. ఆ సోమవారం సీసా గులాబీగా ఎలా మారిందో నాకు తెలుసు.”

ఫోల్కెర్ట్ సీసా మీంచి చూపు తిప్పి ఆమెను చూశాడు.

“శుక్రవారం సాయంత్రం నీ సీసాలోంచి లెక్క కోసం చివరి చుక్క తియ్యాలి. నువ్వు గ్రంథాలయంలో ఉన్నావు. నాకు నాలుగూ నలభై బస్సు. ఆ వేళ మా ఊళ్ళో ఆడవాళ్ళ బోసెల్న్ పందెం, రోడ్డు మీద చెక్కబంతి దొర్లించే ఆట, పక్క ఊరితో. చివరి బంతి నేను వెయ్యాలి. సిరంజిని నత్రజనితో కడగలేదు. ఒక్కసారి కూడా కడగలేదు. అలాగే గుచ్చేశాను.”

సిరంజిని నత్రజనితో మూడుసార్లు నింపి, మూడుసార్లు ఖాళీ చేసి, అప్పుడు గుచ్చాలి. అక్కడ చేరినవాళ్ళకు మొదటి రోజు నేర్పేది అదే. నేర్పేది గెజీనాయే.

“సోమవారం పొద్దున వచ్చేసరికి గులాబీ. వాళ్ళు నన్నడిగింది, శుక్రవారం ఏ రంగు, సోమవారం ఏ రంగు అని. చెప్పాను. ఆ సీసా ఎవరిది అన్నారు. నీదన్నాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. సిరంజి మాట అడగలేదు వాళ్ళు. నేను చెప్పలేదు.”

ఫోల్కెర్ట్ మళ్ళీ సీసా వైపు తిరిగాడు.

“గెలిచారా?” అంది స్వాంట్యె.

“ఏంటి?”

“పందెం.”

“ఓడిపోయాం.”

“అయ్యో పాపం,” అంది స్వాంట్యె. వచ్చి, గెజీనా సాసరులోని చెంచాను తీసి ఆమె కప్పులో నిలబెట్టింది.

ఆ ప్రాంతంలో ఇంటికి వచ్చినవాళ్ళకు మూడు కప్పుల టీ హక్కు ఉంటుంది. చాలనుకుంటే వాళ్ళే చెంచాను కప్పులో పెట్టుకుంటారు. ఇంటావిడ వచ్చి పెట్టడమంటే మెడ పట్టి గెంటినట్టే. యాభై రెండేళ్ళ బతుకులో గెజీనాకు అలా జరగడం ఇదే మొదలు. ముఖం మండింది, అయినా తనకది న్యాయమే అనిపించింది. సంచి తీసుకుని లేచింది.

“సీసా ఉంచుకో. నీ నోట్సు పుస్తకం కూడా తెచ్చాను. నేను చేసింది రాసి సంతకం పెట్టిస్తావో, ఏం చేయిస్తావో నీ ఇష్టం.”

“కూర్చోండి,” అన్నాడు ఫోల్కెర్ట్.

“ఫోల్కెర్ట్, ఆవిణ్ణి పోనీ,” అంది స్వాంట్యె.

“కూర్చోమన్నాను. సిరంజి తెచ్చారా?”

తెచ్చింది. దారిలో సీసా రంగు తిరిగితే బాగుచేద్దామని ఒక సిరంజి, గాలిని మింగే ఉప్పు చిటికెడు గాజు గొట్టంలో. సిరంజి ఇస్తుంటే అతనేం చేయబోతున్నాడో ఆమెకు తట్టలేదు. అతను దాన్ని కడగలేదు. సీసాను నిటారుగా తిప్పి, వంటింటి గాలి నిండిన సూదిని అలాగే బిరడాలో గుచ్చి, ఒక చుక్క లాగి, పీకేశాడు.

గెజీనా సీసా వైపు చూస్తూ కుర్చీలో కూర్చుండిపోయింది. ప్రపంచంలో అతని పేరు మిగలడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అది.

“ఆ రోజు మీరు చేసింది ఇదేగా. ఇంతేగా?”

“ఇంతే,” అంది.

నూనె పొర కింద లేత గులాబీ మబ్బు ఒకటి పుట్టింది. వేలు వెడల్పున కిందికి దిగింది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. గెజీనా చెయ్యి ఉప్పు గొట్టం వైపు పోయింది. ఫోల్కెర్ట్ ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి ఆపాడు. నాలుగు నిమిషాలు. మబ్బు అంచులు పలచబడ్డాయి. ఆరు. ఎనిమిదో నిమిషానికి సీసాలో నీళ్ళు మళ్ళీ తేటగా ఉన్నాయి.

“చూశారా,” అన్నాడు. “అది వదిలే గంధకపు ఊపిరే ఆ చుక్క గాలిని మింగేసింది. ఎనిమిది నిమిషాలు. మీ చుక్క శుక్రవారం నాలుగున్నరకు పడితే మీరు బస్సెక్కేసరికి పోయి ఉంటుంది. సోమవారం పొద్దుటిదాకా, పైనుంచి కింది దాకా గులాబీగా నిలబడాలంటే సిరంజిల కొద్దీ గాలి కొట్టాలి, గెజీనా. ఎవరో కూర్చుని కొట్టాలి.”

తనను పేరు పెట్టి పిలిచాడన్న సంగతి కూడా గెజీనాకు తర్వాతెప్పుడో గాని తట్టలేదు. ఏడేళ్ళు ఆమె ఆ సూదిని మోసింది. పందేలు మానేసింది. పెరట్లో చెక్కబంతిని పాతిపెట్టేసింది. గాలిలేని సీసాల మధ్య ఇరవై ఏళ్ళు బతికి, ఒక చుక్క గాలి ఎంతసేపు నిలుస్తుందో లెక్క వేసుకోలేకపోయింది. భయపడ్డ మనిషి లెక్క చూడదు, తప్పు తనదే అనుకుని తలుపులు మూసుకుంటుంది.

“అయినా మీరు నోరు మూసుకున్నారు,” అన్నాడతను. “అది ఎనిమిది నిమిషాల్లో పోదు.”

“పోదు,” అంది గెజీనా.

అతను ఆమె కప్పులోని చెంచాను తీసి, తుడిచి, సాసరులో పెట్టాడు. “స్వాంట్యె, రెండో కప్పు.”

స్వాంట్యె కెటిల్ అందుకుంది. కలకండ వేసింది.

“ప్రయోగశాల తాళంచెవులు రెండే కదా అప్పట్లో?” అన్నాడు ఫోల్కెర్ట్.

“రెండే. ఆయనదొకటి, నాదొకటి. నువ్వు అడిగి తీసుకునేవాడివి.”

“ఆ శని, ఆదివారాలు వెస్టర్‌కాంప్ ఎక్కడున్నాడు?”

“హాంబుర్గ్‌లో. శుక్రవారం మధ్యాహ్నమే వెళ్ళాడు, ఆ ముగ్గుర్నీ వెంటబెట్టుకుని సోమవారం తిరిగొచ్చాడు. టికెట్లు కొన్నది నేనే.” చెబుతుంటే గెజీనాకే ఆశ్చర్యంగా ఉంది. ఇన్నాళ్ళూ దొంగ తనే కాబట్టి ఇంకొకరి గురించి ఆలోచించే పని పడలేదు.

“మరి మీ తాళం?”

“నా దగ్గరే…” అని ఆగింది. “లేదు. నా దగ్గర లేదు. బస్సు తలుపు వేసేస్తుంటే మీ చెల్లెలు పరిగెత్తుకుంటూ వచ్చింది. నువ్వు కాగితాలేవో లోపల మరిచిపోయావని, అవి తెమ్మని పంపావని. అందరూ తొడుక్కునే పసుపు రెయిన్‌కోటు, టోపీ కళ్ళమీదికి లాక్కుని ఉంది. తాళం చేతిలో పెట్టేశాను. సోమవారం కాపలావాడి గదిలో నా పేరు రాసిన కవర్లో ఉంది. ఆ అమ్మాయిని అడిగితే పోలా, లోపల ఎవరినైనా చూసిందేమో. ఎక్కడుంటోంది ఇప్పుడు?”

ఫోల్కెర్ట్ ఆమెను వింతగా చూశాడు.

“నాకు చెల్లెలెక్కడిది?” అన్నాడు.

కప్పు నిండింది. నిండాక కూడా టీ పడుతూనే ఉంది. సాసరు పొంగి, బల్లగుడ్డ మీదికి పారి, గెజీనా ఒళ్ళో వేడిగా కారింది. ఆమె తలెత్తింది. గుమ్మంలో చూసిన ముఖం, బస్సు మెట్టు కింద నిలబడి పైకి చూసిన ముఖం ఆమె కళ్ళముందే ఒకటయ్యాయి.

స్వాంట్యె కెటిల్‌ను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. చేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంది.

“మీగడ తెస్తాను,” అని వీధి తలుపు వైపు నడిచింది.

మీగడ గిన్నె నిండుగా బల్ల మీదే ఉంది. ఫోల్కెర్ట్ ముందు దాన్ని చూశాడు, తర్వాత తలుపు వైపు చూశాడు. ఆమె వెనక్కి తిరగకుండానే మేకుకున్న ఆ పసుపు రెయిన్‌కోటు తీసి, బయట వాన ఆగిపోయినా దాన్ని తొడుక్కుంటోంది.